ఇంజిన్ విప్పి బిగించాక ఆయిల్ ప్రెజర్ రాకపోతే ఎక్కడ వెతకాలి

ముందు ఇంజిన్ ఆపండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

రోజూ తిరిగే బండికి సెల్ఫ్ కొట్టిన రెండు మూడు సెకన్లలో ఆయిల్ లైటు ఆరిపోతుంది. కొత్తగా బిగించిన ఇంజిన్‌లో ఆయిల్ దారులన్నీ ఖాళీ కాబట్టి ఇంకాస్త టైము పడుతుంది. అయినా పది సెకన్లు దాటాక కూడా లైటు వెలుగుతోందంటే, గేజు ముల్లు సున్నా దగ్గరే పడుకుందంటే, తాళం తిప్పి ఆపేయడమే. "కాసేపు తిరగనిస్తే అదే ఎక్కుతుందిలే", "కాస్త రేస్ ఇచ్చి చూద్దాం" అనే మాటలు నేను వినీ వినీ ఉన్నాను. మెషిన్ షాపులో క్రాంకులు (పిస్టన్ల కింద తిరిగే ఇరుసులు) గ్రైండ్ చేయడం నా పని. ఆ మాటలన్నవాళ్ల క్రాంకులే తర్వాత నా మిషన్ మీదికి వస్తాయి, జర్నల్ (క్రాంకులో బేరింగు మీద తిరిగే నున్నటి భాగం) కమిలి నీలం తిరిగి, షెల్లు (దాన్ని చుట్టి ఉండే బేరింగు రేకులు) దానికి కరుచుకుని. జర్నల్‌ను షెల్లు నుంచి వేరుగా ఉంచేది వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొర. అది లేకుండా రేస్ ఇవ్వడమంటే ఇనుముతో ఇనుమును రుద్దడమే.

ఇక అసలు విషయం. మీరు విప్పకముందు ఈ ఇంజిన్‌కు ప్రెజర్ ఉంది. దీన్ని మరిచిపోకపోతే వెతుకులాట సగం తగ్గుతుంది. ప్రెజర్ పోయిందని ఎవరిని అడిగినా బేరింగులు అరిగాయనో, పంపు అరిగిందనో, ఆయిల్ పలచబడిందనో చెబుతారు. అవన్నీ ఏళ్ల తరబడి తిరిగి, నెమ్మదిగా నీరసించిన ఇంజిన్ల జబ్బులు. శనివారం దాకా బాగా ఉన్న ఇంజిన్ ఆదివారం బిగించాక సున్నా చూపిస్తోందంటే అది అరుగుదల కాదు. ఏదో పెట్టడం మరిచారు, లేదా తిరగేసి పెట్టారు, లేదా ఏదో దారికి అడ్డం పడింది. కాబట్టి ఒక కాగితం తీసుకుని, మీరు చివర బిగించిన బోల్టు నుంచి మొదట విప్పిన బోల్టు దాకా వెనక్కి రాసుకుంటూ వెళ్లండి. అనుమానితులు ఆ కాగితం మీదే ఉంటారు. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఒక్కటే దించినవాళ్లకు మెయిన్ బేరింగులతో పని లేదు. హెడ్ మాత్రమే ఎత్తినవాళ్లు పంపు విప్పాల్సిన అవసరం దాదాపుగా రాదు. ఇంజిన్ మొత్తం విప్పినవాళ్ల కాగితం పొడుగ్గా ఉంటుంది, వాళ్లు ఓపిక పట్టాలి.

ప్రెజర్ నిజంగానే లేదా?

డిప్‌స్టిక్ తీసి చూడండి. నవ్వుకునేంత చిన్న విషయమే అయినా చూడాలి. ఫిల్టరు, ఆయిల్ కూలరు, గ్యాలరీలు (బ్లాకు లోపలి ఆయిల్ దారులు) అన్నీ ఖాళీగా ఉన్న ఇంజిన్ మామూలు సర్వీసులో పోసేదానికంటే ఎక్కువ ఆయిల్ మింగుతుంది. సెల్ఫ్ కొట్టిన తర్వాత లెవెల్ దిగిపోవడం సహజం. లెవెల్ సరిగ్గా ఉంటే ఆ ఆయిల్ రంగు, వాసన చూడండి. పాలలా తెల్లగా ఉంటే కూలెంటు కలిసింది. పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంధనం దిగింది. నురుగు ఉంటే పంపు గాలి పీలుస్తోందన్నమాట, లేదంటే మీరు ఎక్కువ పోయడంతో క్రాంకు ఆయిల్‌ను చిలుకుతోంది.

తర్వాత స్విచ్. పాతకాలపు ఒంటి వైరు స్విచ్‌కు తాళం ఆన్ చేసి ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు లైటు వెలగాలి. ఆ వైరు పీకితే ఆరాలి. పీకినా వెలుగుతోందంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, ఇంజిన్ కింద నలిగిందేమో చూడండి. కొత్త బండ్లలో చాలావాటికి స్విచ్ బదులు మూడు వైర్ల సెన్సర్ ఉంటుంది, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. లైటు స్విచ్, గేజు సెండర్ చూడ్డానికి ఒకేలా ఉండి, మర కూడా ఒకటే అయ్యే సందర్భాలున్నాయి. లైటు ఉన్న బండికి సెండర్ బిగించి, ఇంజిన్ మళ్లీ విప్పినవాళ్లూ ఉన్నారు.

వీటన్నిటికంటే మంచిది మెకానికల్ గేజు. స్విచ్ విప్పి, అదే రంధ్రంలో సన్న గొట్టంతో గేజు తగిలించండి. ఇది లేకుండా ఒక్క బోల్టు కూడా విప్పొద్దన్నది నా మాట. లైటు చెప్పేది ఒక్క విషయమే: ప్రెజర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ కంటే తక్కువగా ఉందని. అది సున్నానో 0.3నో దానికి తెలియదు, మనకు మాత్రం ఆ తేడా చాలా ముఖ్యం. గేజు కొనేటప్పుడు మర చూసుకోండి. చాలా ఇంజిన్లకు 1/8 ఎన్‌పీటీ, 1/8 బీఎస్‌పీటీ, ఎం10×1 లలో ఏదో ఒకటి ఉంటుంది. మొదటి రెండూ కంటికి కవలలే. కానీ ఒకదానికి అంగుళానికి 27 మరలు, రెండోదానికి 28. చేత్తో మూడు నాలుగు చుట్లు హాయిగా ఎక్కకపోతే పానా పెట్టి బలవంతం చేయొద్దు, అల్యూమినియం బ్లాకు మర ఊడితే అది ఇంకో కథ.

అంకెల విషయంలో ఆఖరి మాట మీ ఇంజిన్ మాన్యువల్‌ది. అది చేతిలో లేకపోతే ఉజ్జాయింపుగా, వేడెక్కిన ఇంజిన్‌కు ఐడిల్‌లో 1 బార్‌కు కాస్త అటూ ఇటూ, నిమిషానికి 3000 చుట్ల దగ్గర 2.5 నుంచి 4.5 బార్ దాకా ఉండటం మామూలు. ప్రతి వెయ్యి చుట్లకూ 10 పీఎస్‌ఐ ఉండాలన్న పాత లెక్క ఒకటుంది. ఆయిల్ పంపే పరిమాణాన్ని తానే మార్చుకునే ఈనాటి పంపులకు దాన్ని పట్టుకుని కంగారు పడకండి.

పంపు తడిసిందా?

గేజు సున్నా అంటోంది. పంపు విప్పి శుభ్రం చేసి పొడిగా బిగించినా, కొత్త పంపు వేసినా మొదటి అనుమానం ప్రైమింగ్ (తిప్పేముందే పంపును ఆయిల్‌తో తడపడం) మీదే. బావి మోటారు గొట్టంలో నీళ్లు పోయకపోతే ఎంతసేపు తిరిగినా నీళ్లు ఎక్కవు కదా, ఆయిల్ పంపు కథ కూడా అదే. గేర్లకీ వాటి గూటికీ మధ్య ఉన్న సందును ఆయిలే మూయాలి. అది లేకపోతే గాలి అటే వెనక్కి జారిపోతుంది, కింద నుంచి ఆయిల్‌ను పీల్చే బలం పంపుకు రాదు.

అందుకే పంపు మూత బిగించేముందు లోపల ఆయిల్ నింపాలి. బిగించాక చాలా రోజులు స్టార్ట్ చేయరనుకుంటే పెట్రోలియం జెల్లీ కూరండి, అది వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. గ్రీజు మాత్రం పెట్టకండి. అది అంత తేలిగ్గా కరగదు, వెళ్లి ఫిల్టరు కాగితాన్ని పూస్తుంది.

ఇప్పటికే బిగించేసి ఉంటే, స్పార్క్ ప్లగ్గులన్నీ తీయండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకండి, కాయిల్ కనెక్టర్లు ఊడదీయండి. పెట్రోలు ఆవిరి ఉన్నచోట స్పార్కు రాకూడదు, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను పెట్రోలు కడిగేయకూడదు. డీజిల్ అయితే ఇంజెక్టర్లకు ఇంధనం ఆపి, గ్లో ప్లగ్గులు తీయండి. ఇప్పుడు కంప్రెషన్ ఉండదు, బేరింగుల మీద బరువు పడదు, సెల్ఫ్ మోటారు హాయిగా 200, 300 చుట్ల వేగంతో తిప్పుతుంది. పదీ పదిహేను సెకన్లు తిప్పడం, ఒకటి రెండు నిమిషాలు మోటారును చల్లారనివ్వడం. ఇలా కొన్ని విడతల్లో గేజు ముల్లు కదలాలి. కదిలిందా, ఇంకా కొంచెం తిప్పి, గేజు నిలకడగా నిలిచాక ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. మీ పని అయిపోయింది.

పంపును డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ తిప్పే పాత ఇంజిన్లలో ఇంకో సుఖం ఉంది. డిస్ట్రిబ్యూటర్ తీసి, సరిపోయే కడ్డీని డ్రిల్ మిషన్‌కు తగిలించి పంపును నేరుగా తిప్పొచ్చు. డిస్ట్రిబ్యూటర్ తిరిగే దిక్కులోనే తిప్పాలి. ఆయిల్ అందగానే డ్రిల్ బరువెక్కి మూలుగుతుంది, గేజు కంటే ముందు చేతికే తెలిసిపోతుంది. అలా డ్రిల్‌తో వచ్చిన ప్రెజర్ ఇంజిన్ స్టార్ట్ చేస్తే రాలేదంటే డిస్ట్రిబ్యూటర్ పూర్తిగా కిందికి కూర్చోలేదు, దాని కాలు పంపు షాఫ్ట్‌ను అందుకోవడం లేదు.

ఫిల్టరు దగ్గర దారి రెండుగా చీలుతుంది

ఎన్ని విడతలు తిప్పినా ముల్లు కదల్లేదంటే ఫిల్టరు విప్పండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా చాంబర్ కిందికి దూరతారు. ఆయిల్ చాంబర్‌లోంచి పంపుకు, పంపు నుంచి ఫిల్టరుకు, ఫిల్టరు నుంచి మెయిన్ గ్యాలరీకి పోతుంది. దారి మధ్యలో, బయటి నుంచే తెరిచి చూడగల కిటికీ ఫిల్టరు ఒక్కటే.

విప్పినప్పుడు రబ్బరు చూడండి. పాత ఫిల్టరు రబ్బరు బ్లాకుకే అతుక్కుని, దాని మీద కొత్త ఫిల్టరు బిగించి ఉంటే రెండు రబ్బర్లు కనిపిస్తాయి. ఇలాంటప్పుడు సాధారణంగా కింద ఆయిల్ మడుగు కట్టి ఉంటుంది. మరలు కూడా చూడండి. 3/4-16 స్టడ్డు మీద ఎం20×1.5 ఫిల్టరు వదులుగా ఎక్కి, బిగిసినట్టే ఉంటుంది. కాగితపు ఎలిమెంటు మాత్రమే మార్చే రకమైతే మూత కాడకు ఉండే చిన్న ఓ-రింగులు అన్నీ ఉన్నాయో లేదో, ఎలిమెంటు తిరగబడిందో చూడండి.

ఇప్పుడు ఫిల్టరు లేకుండానే, కింద వెడల్పాటి ట్రే పెట్టి, ప్లగ్గులు తీసి ఉన్న ఇంజిన్‌ను కొద్ది సెకన్లు సెల్ఫ్‌తో తిప్పించండి. బ్లాకు మీద ఫిల్టరు కూర్చునే చోటి నుంచి ఆయిల్ ధారగా కొట్టిందంటే పంపు, పికప్ (చాంబర్‌లోంచి పంపుకు ఆయిల్ అందించే గొట్టం), డ్రైవ్ (పంపును తిప్పే ఏర్పాటు) అన్నీ పని చేస్తున్నాయి. జబ్బు ఫిల్టరుకు అవతల, గ్యాలరీ వైపు ఉంది. పొడిగా ఉందంటే జబ్బు పంపు వైపు ఉంది. ఉండీ లేనట్టు, బుడగలతో కారిందంటే గాలి చొరబడుతోంది, లేదా రిలీఫ్ వాల్వ్ (ప్రెజర్ మరీ పెరిగితే ఆయిల్‌ను వెనక్కి వదిలేది) ఇరుక్కుంది.

పొడిగా ఉంటే: పంపు వైపు

ముందు పికప్ గొట్టం. నా అనుభవంలో ఇంట్లో చేసిన పనుల్లో దొరికే దొంగల్లో ఇదే పెద్దది. పికప్ గొట్టం పంపులోకి దూరే చోట ఒక ఓ-రింగో, చిన్న గ్యాస్కెట్టో ఉంటుంది. అది లేకపోయినా, పొడిగా తోస్తే కోసుకుపోయినా, దాదాపు అదే సైజులో ఉన్న ఇంకో ఇంజిన్ రింగు పడినా పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది. ఆ కీలు ఆయిల్ మట్టానికి పైన ఉంటుంది కాబట్టి బయటికి ఏమీ కారదు, ఏ గుర్తూ కనిపించదు.

దీనికి చాంబర్ దించకుండానే ఒక పరీక్ష ఉంది. పూర్తిగా సున్నా కాకుండా ముల్లు వణుకుతూ, తక్కువ ప్రెజర్ చూపే ఇంజిన్లకు పనికొస్తుంది. మామూలు లెవెల్ మీద మరో లీటరు ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసి సెల్ఫ్‌తో తిప్పండి. ఆ కీలు ఆయిల్‌లో మునిగితే గాలి దారి మూసుకుపోతుంది. ప్రెజర్ ఒక్కసారిగా మెరుగుపడిందంటే దొంగ దొరికినట్టే. పరీక్ష అవగానే ఆ అదనపు లీటరు తీసేయండి, అలాగే ఇంజిన్ నడిపితే క్రాంకు కొట్టి నురుగు చేస్తుంది.

చాంబర్ దించాక స్ట్రైనర్ జాలీ చూడండి. సిలికాన్ గమ్ము ధారాళంగా పూసేవాళ్లకు ఇదే శిక్ష. రెండు లోహాల మధ్య నలిగిన గమ్ము బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. లోపల పొంగింది దారాలుగా తెగి జాలీ మీద పేరుకుంటుంది. గుడ్డ పీచు కూడా ఇంతే. ఆయిల్‌లో తడుస్తూ తిరిగే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో బెల్టు పొట్టు కూడా జాలీని మూస్తుంది. జాలీ మూసుకుపోయిన ఇంజిన్ ఒక ప్రత్యేకమైన నాటకం ఆడుతుంది. స్టార్ట్ చేయగానే ప్రెజర్ బాగుంటుంది, కొద్ది నిమిషాల్లో పడిపోతుంది. ఆపి కాసేపాగితే చెత్త జారి కింద పడి, మళ్లీ బాగుంటుంది.

జాలీ శుభ్రంగా ఉంటే చాంబర్ అడుగు చూడండి. ఇంజిన్ ఎత్తడానికి జాకీ చాంబర్ కింద పెట్టారా? రేకు లోపలికి సొట్టపడి జాలీకి ఆనుకుంటే ఆయిల్ ఎటు నుంచి రావాలి? జాలీకీ అడుగుకీ మధ్య సుమారు 6 నుంచి 10 మి.మీ. ఉండాలి. జాలీ మీద మెత్తటి బంకముద్ద పెట్టి చాంబర్ ఒకసారి ఆనించి తీస్తే, నలిగిన ముద్ద మందమే ఆ సందు.

ఆ తర్వాత పంపు అసలు తిరుగుతోందో లేదో చూడండి. చైన్‌తో తిరిగే పంపులకు చైన్ ఎక్కించడమే మరిచిపోవడం, స్ప్రాకెట్ నట్టు వదులుగా ఉండటం జరిగేవే. కొన్ని ఇంజిన్లలో క్రాంకు ముక్కు మీద స్ప్రాకెట్‌ను పట్టి ఉంచడానికి తాళం చెవి లాంటి కీ ఉండదు. మధ్య బోల్టు బిగువే దాన్ని పట్టుకుంటుంది. ఆ బోల్టు టార్క్ తక్కువైతే క్రాంకు తిరుగుతుంది కానీ స్ప్రాకెట్ జారుతుంది. పంపుతో పాటు టైమింగ్ కూడా తప్పిపోవచ్చు కాబట్టి, అలాంటి ఇంజిన్‌ను మళ్లీ సెల్ఫ్ కొట్టకముందే టైమింగ్ గుర్తులు చూసుకోండి.

క్రాంకు ముక్కు మీదే కూర్చునే రోటరు పంపులకు లోపలి రోటరు చదునులు క్రాంకు చదునులతో కలవాలి. కలవకుండా బోల్టులతో లాగి బిగిస్తే రోటరు పగులుతుంది. విప్పినప్పుడు రెండు రోటర్ల మీదా చుక్క గుర్తులుంటాయి, అవి ఏ ముఖానికి ఉండాలో మాన్యువల్ చెబుతుంది. స్కేలు అడ్డంగా పెట్టి, ఫీలర్ గేజుతో రోటరు పైసందు కొలవండి. 0.1 మి.మీ. దాటితే నాకు అనుమానం మొదలవుతుంది. మూత మీద వేలిగోటికి తగిలేంత గీత ఉంటే ఆ పంపును ఆశ పెట్టుకోకుండా పక్కన పడేయండి.

రిలీఫ్ వాల్వ్ సంగతి రెండు మాటల్లో. మూత విప్పి, ప్లంజర్‌కు ఆయిల్ పూసి రంధ్రంలో వదిలితే తన బరువుకే జారాలి. మధ్యలో ఆగిందంటే చిన్న లోహపు రజను చాలు, అది తెరుచుకునే ఉండిపోతుంది, పంపు తోసిన ఆయిల్ అంతా తిరిగి చాంబర్‌లోకే పోతుంది. శుభ్రం చేయడానికి ఇసుక బ్లాస్టింగ్ చేయించిన భాగాలుంటే ముందు ఇక్కడే చూడండి.

ధారగా కొడితే: గ్యాలరీ వైపు

పంపు బాగా తోస్తోంది, అయినా ప్రెజర్ లేదు. పంపు ఆయిల్‌ను నెడుతుంది, అంతే. ప్రెజర్ వచ్చేది ఆ ఆయిల్‌కు ఎదురయ్యే ఇరుకు సందుల వల్ల. ఎక్కడో పెద్ద రంధ్రం తెరిచి ఉంటే ప్రెజర్ నిలబడదు.

మా తమ్ముడి కొడుకు తన కారు ఇంజిన్ తనే చేసుకున్నాడు. పని నీటుగా చేస్తాడు, పానాలు గుడ్డలో చుట్టి పెట్టుకునే రకం. ఒక రాత్రి ఫోన్ చేసి, "పెదనాన్నా, ఫిల్టరు దగ్గర ఆయిల్ పంపులా కొడుతోంది, గేజు మాత్రం లేవట్లేదు. బేరింగులన్నీ నీ ముందే కొలిచాం కదా" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే, పిస్టన్లకు కింద నుంచి ఆయిల్ చిమ్మే జెట్లు ఎక్కడున్నాయిరా అని. కాసేపు మాట లేదు. బ్లాకు కడగడానికి పంపేముందు తీసిన జెట్లు డబ్బాలోనే ఉన్నాయి. జెట్టు చివర సన్న రంధ్రం, చాలావాటికి లోపల బంతి వాల్వ్ కూడా ఉంటుంది. తక్కువ ప్రెజర్‌లో మూసుకుని ఉంటుందది. జెట్టే లేకపోతే సిలిండరుకొక తూము తెరిచి పెట్టినట్టు.

గ్యాలరీ ప్లగ్గులదీ ఇదే కథ. బ్లాకు కడిగేటప్పుడు ఆయిల్ దారుల చివర ఉన్న ప్లగ్గులు తీయాలి, లేకపోతే లోపలి బురద పోదు. మాలాంటి మెషిన్ షాపులు తీసినవాటిని బ్లాకుతో పాటు సంచిలో వేసి ఇస్తాయి, కొన్నిచోట్ల బిగించే ఇస్తాయి. ఎవరు బిగించారన్నది తేల్చుకోకపోతే ఎవరూ బిగించరు. ముందువైపు ప్లగ్గులు టైమింగ్ కవరు వెనక, వెనకవి ఫ్లైవీలు వెనక దాక్కుంటాయి. వెనకది ఊడితే బయటికి కారి కనిపిస్తుంది. ముందుది ఊడితే ఆయిల్ మెల్లగా చాంబర్‌లోకే జారిపోతుంది, బయట చుక్క కూడా ఉండదు. బ్యాలన్స్ షాఫ్టులు తీసేసినవాళ్లు వాటికి ఆయిల్ వెళ్లే రంధ్రాలు మూశారా అన్నది కూడా ఈ లెక్కలోదే.

బేరింగులకు వస్తే, అరిగాయా అని కాదు, సరైన సైజువేనా అని అడగాలి. క్రాంకు గ్రైండ్ చేయించి ఉంటే జర్నల్ 0.25 మి.మీ. సన్నబడుతుంది, దానికి తగ్గట్టు రెండు షెల్లులూ కలిపి అంత మందం పెరగాలి. షెల్లు వీపు మీద 0.25 అనో .010 అనో కొట్టి ఉంటుంది, రెండూ ఒకటే, ఒకటి మిల్లీమీటర్లు, ఇంకోటి అంగుళాలు. దాని బదులు స్టాండర్డ్ షెల్లు పడితే 0.05 ఉండాల్సిన సందు 0.30 అవుతుంది. ఆయిల్ కారడం సందు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. సందు రెండింతలైతే కారేది ఎనిమిదింతలు, ఆరింతలైతే రెండొందల పదహారు. ఏ పంపూ దాన్ని నింపలేదు. ప్లాస్టిగేజ్ దారం (నలిగిన వెడల్పును బట్టి సందు ఎంతో చెప్పే ప్లాస్టిక్ దారం) పెట్టి కొలవండి. ఆకుపచ్చది 0.025 నుంచి 0.076 మి.మీ. దాకా చూపుతుంది, మన పనికి అదే సరిపోతుంది.

హెడ్ వైపు క్యామ్ క్యాపులు (క్యామ్‌షాఫ్టును పట్టి ఉంచే మూతలు) మార్చి పెట్టడం ఇంకో దారి. ఆ క్యాపులను హెడ్‌తో కలిపే బోర్ చేస్తారు, ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. అంకెలు, బాణం గుర్తులు చూసుకోండి.

ఇవన్నీ ఒక్కొక్కటిగా విప్పకుండా, కారుతున్న చోటును కళ్లతో చూసే పద్ధతి ఉంది. చాంబర్ దించి ఉంచండి. మూత బిగిసే, గాలి ప్రెజర్‌కు తట్టుకునే డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోసి, దాని గొట్టాన్ని ప్రెజర్ స్విచ్ రంధ్రానికి తగిలించి, 2 బార్ గాలి ఇవ్వండి. కళ్లద్దాలు పెట్టుకుని, కింద పడుకుని టార్చి వేసి చూడండి. మంచి బేరింగు నుంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ధార కట్టిందంటే అదే. ఒకరు క్రాంకును చేత్తో మెల్లగా తిప్పుతూ ఉంటే మంచిది, ఎందుకంటే క్రాంకు రంధ్రం షెల్లు గాడికి ఎదురుగా వచ్చినప్పుడు కాస్త ఎక్కువ కారడం సహజం. పంపు గుండా వెనక్కి వచ్చి పికప్ నుంచి కూడా కొంత కారుతుంది, దానికి భయపడొద్దు. ఈ పద్ధతిలో ఇంకో లాభం, ఇంజిన్ మొత్తం ప్రైమ్ అయిపోతుంది.

ప్రెజర్ ఉంది, ఆయిల్ అందట్లేదు

గేజు మంచి అంకె చూపిస్తోందని ఊపిరి పీల్చుకునే ముందు ఇది కూడా చదవండి. గేజుకు అవతల దారి మూసుకుపోతే ప్రెజర్ తగ్గదు, నిలబడే ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువే చూపుతుంది. మెయిన్ బేరింగుల్లో రంధ్రమూ గాడీ ఉన్న షెల్లు చాలా ఇంజిన్లలో బ్లాకు వైపు, సాదాది క్యాపు వైపు ఉండాలి. తారుమారైతే బ్లాకు నుంచి వచ్చే రంధ్రాన్ని సాదా షెల్లు మూసేస్తుంది. గేజు బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ జర్నల్, దాని నుంచి ఆయిల్ తీసుకునే బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు) ఎండిపోతాయి. హెడ్ గ్యాస్కెట్ తిరగబడి ఆయిల్ రంధ్రం మూసుకున్నా ఇంతే, కింద ప్రెజర్ ఉంటుంది, పైన టకటక మోత. అందుకని సెల్ఫ్‌తో తిప్పేటప్పుడే వాల్వ్ కవరు తీసి, క్యామ్ మీదికి ఆయిల్ చేరుతోందో లేదో కళ్లతో చూడండి. నిమిషం పని.

జబ్బు దొరికాక

ప్రెజర్ లేకుండా ఇంజిన్ ఎంతసేపు తిరిగిందన్నదాన్ని బట్టి తర్వాతి నిర్ణయం. సెల్ఫ్‌తో తిప్పడం వరకే అయితే ఆయిల్, ఫిల్టరు మార్చి ముందుకు వెళ్లొచ్చు. స్టార్ట్ అయి తిరిగి ఉంటే ఫిల్టరు కోసి చూడాలి. హాక్సా బ్లేడుతో కోస్తే దాని రజనే కాగితంలో పడి మోసం చేస్తుంది, గొట్టాలు కోసే కట్టరు లాంటిది వాడండి. మడతలు విప్పి, వైసులో నొక్కి ఆయిల్ పిండి, వెలుతురులో పెట్టండి. అయస్కాంతానికి అంటేది ఇనుము. అంటని బూడిద రంగు పొలుసులు, రాగి రంగు మెరుపు ఉంటే షెల్లు తిన్నాయి. అప్పుడు ఒక మెయిన్ క్యాపు, ఒక బిగ్ ఎండ్ క్యాపు విప్పి చూడండి. మాట్ బూడిద రంగు సమంగా ఉంటే సరే. రాగి తేలితే షెల్లు మార్చాలి. జర్నల్ మీద గోరు ఆగే గీత ఉంటే దాన్ని మా దగ్గరికి తేవాల్సిందే.

మెకానికల్ గేజును మొదటి కొన్ని గంటలు అలాగే ఉంచండి, గొట్టం వేడి ఎగ్జాస్టుకు తగలకుండా కట్టి. వేడెక్కాక ఐడిల్‌లో తగ్గి, 2000 చుట్లకు లేచి నిలబడితే బాగున్నట్టు. పైచుట్లలో పడిపోతుంటే మళ్లీ పికప్ వైపే చూడండి. చివరికి స్విచ్ తిరిగి బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఒంటి వైరు స్విచ్‌కు ఎర్తు ఆ మర నుంచే అందాలి, తెగిన టేపు ముక్క గ్యాలరీలోకి పోతే ఏ జెట్టు దగ్గర ఆగుతుందో ఎవరికీ తెలియదు. వేడి మీద ఐడిల్‌లో వచ్చిన అంకె, 2000 దగ్గర వచ్చిన అంకె, పోసిన ఆయిల్ గ్రేడు మాన్యువల్ అట్ట లోపల తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఏడాది ఎవరైనా ప్రెజర్ తక్కువంటే దేనికంటే తక్కువో చెప్పడానికి మీ దగ్గర అంకె ఉంటుంది.